బ్యాకప్ రీస్టోర్ చేసేటప్పుడు ఎక్కడ ఆపాలి? డిలీట్‌కి కొంచెం ముందు టైమ్ ఇస్తే సరిపోతుందా?

మారతహళ్లి_బ్యాకెండ్:

అందరికీ నమస్తే. కొంచెం అర్జెంటు, అందుకే నేరుగా విషయానికి వస్తున్నా. మాది బెంగళూరులో చిన్న కంపెనీ. మారతహళ్లి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉన్న పీజీ హాస్టళ్లకీ మెస్‌లకీ బియ్యం, పప్పులు, నూనెలు సరఫరా చేస్తాం. హాస్టళ్ల వాళ్లు ఎక్కువమంది అరువు మీద తీసుకుని నెలాఖరుకి కడతారు, కాబట్టి మా డేటాబేస్‌లో ఖాతాల టేబులే మాకు ప్రాణం.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 14వ వెర్షన్ వాడుతున్నాం. రోజూ రాత్రి రెండింటికి పీజీ_బేస్‌బ్యాకప్ (మొత్తం డేటాబేస్ కాపీ తీసే టూల్) నడుస్తుంది, వాల్ ఫైళ్లు (డేటాబేస్‌లో ప్రతి మార్పూ వరసగా రాసే లాగ్) ఎప్పటికప్పుడు ఎస్3కి (అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్) వెళ్తుంటాయి. రెండూ బానే ఉన్నాయని చూసుకున్నా.

ఇవాళ పొద్దున బయటి కాంట్రాక్టు టీమ్ రాసిచ్చిన క్లీనప్ స్క్రిప్ట్ ఒకటి నడిచింది. మూతపడిన హాస్టళ్ల రికార్డులు తీసేయడం దాని పని. అందులో షరతు తప్పు ఉండటంతో బాగా నడుస్తున్న హాస్టళ్లవి కూడా తీసేసింది. కస్టమర్ టేబుల్ మీద ఆన్ డిలీట్ క్యాస్కేడ్ ఉంది, దాంతో కస్టమర్‌తో పాటు వాళ్ల ఖాతా ఎంట్రీలు, డెలివరీ అడ్రసులు అన్నీ పోయాయి. సాయంత్రం నాలుగు దాటాక ఒక ఓనరు ఫోన్ చేసి యాప్‌లో తన హాస్టల్ పేరే రావట్లేదు అన్నప్పుడు గానీ ఎవరికీ తెలియలేదు.

స్క్రిప్ట్ లాగ్ ప్రకారం 11:07కి మొదలై 11:31కి అయిపోయింది. డేటాబేస్ లాగ్ యూటీసీలో ఉంది కాబట్టి అక్కడ 05:37, 06:01 అని ఉంటాయి. మా మేనేజరు గారు "11 గంటలకి రీస్టోర్ చేసెయ్, సేఫ్‌గా ఉంటుంది" అంటున్నారు. కానీ 11 నుంచి నాలుగు దాకా కొత్త ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి, యూపీఐలో డబ్బులు కూడా కట్టారు. అవన్నీ ఏమవుతాయి? అసలు 11:00 ఇవ్వాలా, 11:06:59 ఇవ్వాలా? టైమ్ తప్పిస్తే మళ్లీ మొదటి నుంచి చేయాలా? 400 జీబీ దించుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నించే ఓపిక ఎవరికీ లేదు, అందరూ టెన్షన్‌లో ఉన్నారు.

—

నెల్లూరు_డీబీఏ:

ముందు ఒక పని చెయ్యి తమ్ముడూ, మిగతాది తర్వాత చదువు. పాత బ్యాకప్‌లనీ పాత వాల్ ఫైళ్లనీ తీసేసే క్రాన్ జాబ్ గానీ ఎస్3లో లైఫ్‌సైకిల్ రూల్ గానీ ఉంటే ఇప్పుడే ఆపు. నిన్న రాత్రి బేస్ బ్యాకప్, అప్పటి నుంచి ఇప్పటిదాకా ఉన్న ప్రతి వాల్ ఫైలు కావాలి. మధ్యలో ఒక్క ఫైలు లేకపోయినా రీప్లే (బ్యాకప్ మీద వాల్‌లోని మార్పులని వరసగా మళ్లీ వేయడం) అక్కడితో ఆగిపోతుంది, ఆ తర్వాతి వాల్ ఎంత ఉన్నా పనికిరాదు. ఇంకోటి, ప్రొడక్షన్ సర్వర్‌ని (ఇప్పుడు యాప్ నడుస్తున్నదాన్ని) ముట్టుకోవద్దు. రీస్టోర్ వేరే మెషీన్ మీద.

ఇప్పుడు టైమ్ సంగతి. 11:00 సేఫ్ అనుకోవడంలోనే తేడా ఉంది. వాల్‌లో టైమ్ రాసి ఉండేది కమిట్ (ట్రాన్సాక్షన్, అంటే ఒకటిగా జరిగే మార్పుల గుంపు, ఖాయమవడం), అబార్ట్ (అది రద్దవడం) రికార్డుల మీద, ఎవరైనా రీస్టోర్ పాయింట్ (పేరుతో పెట్టే గుర్తు) పెట్టి ఉంటే దాని మీద. మామూలు ఇన్సర్ట్, డిలీట్ రికార్డుల మీద టైమ్ ఉండదు. నువ్వు టైమ్ ఇస్తే, ఆ టైమ్ దాటిన మొదటి కమిట్ కనపడగానే పోస్ట్‌గ్రెస్ ఆగుతుంది. అంటే ఎలా ఇచ్చినా చివరికి ఆగేది ఒక కమిట్ దగ్గరే. అలాంటప్పుడు ఆ కమిట్ ఏదో మనమే వెతికి పట్టుకుంటే సరిపోతుంది కదా, గడియారం చూసి అంచనా వేయడం ఎందుకు?

స్క్రిప్ట్ మొత్తం ఒకే ట్రాన్సాక్షన్ అయితే, 11:07కి మొదలైనా సరే, ఆ డిలీట్ లెక్కలోకి వచ్చేది 11:31కి కమిట్ పడ్డప్పుడే. అంతవరకు ఆ డిలీట్లు వాల్‌లో ఉన్నా, రీప్లే కూడా అయిపోయినా, కమిట్ లేదు కాబట్టి పాత ఎంట్రీలన్నీ ఉన్నట్టే కనపడతాయి. కాబట్టి ఆ కమిట్‌కి సరిగ్గా ముందు ఆపితే పోయినవన్నీ దొరుకుతాయి, పైగా 11:00 నుంచి 11:31 లోపు ఖాతాల్లో పడ్డ మంచి ఎంట్రీలు కూడా దక్కుతాయి. మీ మేనేజరు చెప్పినట్టు 11కి ఆపితే ఆ అరగంట ఊరికే పోతుంది.

కమిట్‌ని ఎలా పట్టుకోవాలంటే, పీజీ_వాల్‌డంప్ అని పోస్ట్‌గ్రెస్‌తోనే వచ్చే టూల్ ఉంది. ఆర్కైవ్‌లో ఒక్కో వాల్ ఫైలు మామూలుగా 16 ఎంబీ, ఏ టైమ్‌కి ఎక్కిందో ఎస్3లో కనపడుతుంది కాబట్టి 11:00 నుంచి 11:40 మధ్యవి చాలు, వాటిని ఏదైనా మెషీన్ మీదకి తెచ్చుకో. ముందు ప్రొడక్షన్‌లో పీజీ_రిలేషన్_ఫైల్‌పాత్ ఫంక్షన్‌కి కస్టమర్ టేబుల్ పేరిస్తే దాని ఫైలు నంబర్ వస్తుంది. వాల్‌డంప్‌ని హీప్ రికార్డులు (టేబుళ్ల ఎంట్రీల మీద పడ్డ మార్పులు) మాత్రం చూపించమని, అందులో ఆ నంబర్ మీద పడ్డ డిలీట్లు వెతుకు. ఒకే ట్రాన్సాక్షన్ నంబర్‌తో వరసగా వందలు కనపడితే నీ దొంగ అదే. ఆ నంబర్ రాసుకుని, ఈసారి ట్రాన్సాక్షన్ రికార్డులు మాత్రం చూపించమంటే దాని కమిట్ లైను టైమ్‌తో సహా దొరుకుతుంది. మీ లాగ్_లైన్_ప్రిఫిక్స్‌లో ట్రాన్సాక్షన్ నంబర్ కూడా పడేలా పెట్టి ఉంటే డేటాబేస్ లాగ్‌లోనూ చూసి సరిపోల్చుకోవచ్చు.

తర్వాత రీస్టోర్ మెషీన్ మీద కాన్ఫిగ్‌లో రికవరీ_టార్గెట్_ఎక్స్‌ఐడీకి (ఎక్స్‌ఐడీ అంటే ట్రాన్సాక్షన్ నంబర్) ఆ నంబర్ ఇవ్వు, రికవరీ_టార్గెట్_ఇన్‌క్లూజివ్‌ని ఆఫ్ చెయ్యి. ఈ రెండోది మర్చిపోతే మొత్తం శ్రమ వృథా, ఎందుకంటే డిఫాల్ట్ ఆన్, అంటే ఆ కమిట్‌ని కూడా రీప్లే చేసి ఆ తర్వాత ఆగుతుంది. డిలీట్ జరిగిపోయిన డేటాబేస్‌నే మళ్లీ కట్టుకున్నట్టవుతుంది. టైమ్ టార్గెట్, ఎక్స్‌ఐడీ టార్గెట్ రెండూ కలిపి పెట్టకు, ఒకటే ఉండాలి, రెండు పెడితే సర్వర్ స్టార్ట్ అవ్వదు.

ఎలాగైనా టైమే ఇవ్వాల్సి వస్తే జోన్‌ని +05:30 అని అంకెల్లో రాయి, లేదంటే ఏషియా/కోల్‌కతా అని పూర్తి పేరు ఇవ్వు. వాల్‌డంప్ మన మెషీన్ జోన్‌లో టైమ్ చూపిస్తుంది, చివర్లో ఐఎస్‌టీ అని కూడా ఉంటుంది, చాలామంది దాన్ని అలాగే కాపీ చేసి కాన్ఫిగ్‌లో పెడతారు. మామూలుగా అక్కడ అలాంటి పొట్టి పేర్లు ఒప్పుకోదు. కాన్ఫిగ్‌లో పైన టైమ్‌జోన్_అబ్రీవియేషన్స్ డిఫాల్ట్ అని పెట్టి ఉన్న చోట మాత్రం ఒప్పుకుంటుంది, కానీ పోస్ట్‌గ్రెస్ 14 డిఫాల్ట్ జాబితాలో ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెల్ టైమ్, యూటీసీకి రెండు గంటలు ముందు. మన 11:30 రాస్తే అది మధ్యాహ్నం మూడు గంటల దాకా రీప్లే చేసేస్తుంది. ఇక జోన్ అసలు రాయకపోతే సర్వర్ సెట్టింగ్ ప్రకారం తీసుకుంటుంది, కొత్తగా తీసుకున్న క్లౌడ్ మెషీన్లు ఎక్కువగా యూటీసీలో ఉంటాయి, అప్పుడు ఐదున్నర గంటల తేడా.

—

మారతహళ్లి_బ్యాకెండ్:

అన్నా, చాలా థ్యాంక్స్. పాతవి తీసేసే రిటెన్షన్ జాబ్ ఆపేశా, రాత్రి ఒంటిగంటకి నడవాల్సి ఉంది, మంచి టైమ్‌లో చెప్పారు. వేరే మెషీన్ మీదకి బేస్ బ్యాకప్ దిగుతోంది.

వాల్‌డంప్ చూశా. కానీ మీరు చెప్పినట్టు ఒకే నంబర్ కాదు, చాలా నంబర్లు కనపడుతున్నాయి. స్క్రిప్ట్ తెరిచి చూస్తే యాభై కస్టమర్లకి ఒకసారి కమిట్ చేస్తోంది. లాక్‌లు ఎక్కువసేపు పట్టుకోకుండా అలా రాశారట. ఇప్పుడు ఏ కమిట్‌కి ముందు ఆపాలి? మొదటి బ్యాచ్‌కి ముందు ఆపితే అందరు కస్టమర్లూ ఉంటారు. కానీ చివరి బ్యాచ్‌లో పోయిన హాస్టల్ 11:20కి డబ్బు కట్టి ఉంటే? ఆ ఎంట్రీ 11:07 నాటి డేటాబేస్‌లో ఉండదు, 11:30కి ఆ కస్టమర్‌తో పాటే ప్రొడక్షన్‌లో కూడా పోయింది. చివరి బ్యాచ్ దాకా వెళ్తే ముందు బ్యాచ్‌ల వాళ్లు ఉండరు.

—

ఓఎంఆర్_చెన్నై:

ఈ ప్రశ్న అడగడమే సగం పని అండి, ఇది చూసుకోకుండా మొదటి కమిట్ దగ్గర ఆపేసి అంతా దొరికిందనుకునేవాళ్లే ఎక్కువ.

మొదట ఒకటి తేల్చుకోండి. ప్రొడక్షన్‌ని వెనక్కి తిప్పడం లేదు, అవునా? మేనేజరు గారికి ఇది గట్టిగా చెప్పండి. సాయంత్రం దాకా వచ్చిన యూపీఐ చెల్లింపులు బ్యాంకుల దగ్గర జరిగిపోయాయి, మీరు డేటాబేస్‌ని 11కి తిప్పినంత మాత్రాన ఆ డబ్బు వెనక్కి వెళ్లదు, మీ దగ్గర మాత్రం లెక్క ఉండదు. అరువు కట్టేసిన ఓనరుకి మళ్లీ బాకీ చూపిస్తారు. ఇన్వాయిస్‌లు అంతకన్నా పెద్ద తలనొప్పి. సీక్వెన్స్ (వరస నంబర్లు ఇచ్చే కౌంటర్) కూడా వెనక్కి వెళ్తుంది కాబట్టి మధ్యాహ్నం ఒక హాస్టల్‌కి ఇచ్చిన ఇన్వాయిస్ నంబరే రేపు ఇంకో హాస్టల్‌కి వెళ్తుంది. జీఎస్‌టీ ఇన్వాయిస్ నంబర్లు ఒక ఆర్థిక సంవత్సరంలో వరసగా ఉండాలి, ఒకటి రెండుసార్లు రాకూడదు. మీ సీఏకి చెబితే ఆయనే అడ్డుపడతారు. అందుకని పక్క మెషీన్ మీద పాత డేటాబేస్ లేపి, పోయిన ఎంట్రీలు మాత్రం తీసుకొచ్చి ప్రొడక్షన్‌లో కలపండి.

అలా అనుకున్నాక ఆగే చోటు ఒక్కటే ఉండాలన్న నియమం లేదు. పక్క మెషీన్‌ని అంచెలంచెలుగా ముందుకి తీసుకెళ్లొచ్చు. రికవరీ_టార్గెట్_యాక్షన్ డిఫాల్ట్‌గా పాజ్ ఉంటుంది, దాన్ని అలాగే ఉంచండి. టార్గెట్ దగ్గరికి రాగానే డేటాబేస్ ఆగి, చదవడానికి మాత్రం తెరుచుకుంటుంది. అప్పుడు సెలెక్ట్ కొట్టి చూసుకోవచ్చు, కాపీ కమాండ్‌తో ఫైల్‌లోకి తీసుకోవచ్చు, పీజీ_డంప్ కూడా పనిచేస్తుంది. ప్రమోట్ (రికవరీ ముగించి రాతలకి తెరవడం) చేయాల్సిన అవసరమే లేదు. చూసుకున్నాక ఇంకా ముందుకి వెళ్లాలంటే సర్వర్ ఆపి, టార్గెట్‌ని తర్వాతి బ్యాచ్ నంబర్‌కి మార్చి, మళ్లీ స్టార్ట్ చేస్తే అక్కడి నుంచి రీప్లే సాగుతుంది. 400 జీబీ మళ్లీ దించక్కర్లేదు.

ఒక చోట మాత్రం చాలా జాగ్రత్త. పాజ్‌లో ఉన్నప్పుడు పీజీ_వాల్_రీప్లే_రెజ్యూమ్ అనే ఫంక్షన్ కనపడుతుంది. పేరు చూస్తే ముందుకి సాగమని చెప్పడం అనిపిస్తుంది, కానీ టార్గెట్ దగ్గర పాజ్ అయిన స్థితిలో దాన్ని పిలిస్తే రికవరీ పూర్తయిపోయి సర్వర్ కొత్త టైమ్‌లైన్ (అక్కడి నుంచి విడిపోయిన వేరే వాల్ వరస) మీద రాతలకి తెరుచుకుంటుంది. ఆ తర్వాత మిగతా వాల్ దానికి ఎక్కదు, బేస్ బ్యాకప్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. వెనక్కి రావడం కూడా అంతే. ముందుకి జరపగలం, వెనక్కి జరపలేం, కాబట్టి అనుమానం ఉంటే కాస్త ముందే ఆపి చూసుకుంటూ వెళ్లండి. ఇంకో సులువు చెప్తాను. మొదటి పాజ్ వచ్చాక సర్వర్ ఆపి ఆ డిస్క్‌కి క్లౌడ్‌లో స్నాప్‌షాట్ తీసి పెట్టుకోండి, ఒకవేళ తర్వాత అడుగు తప్పినా అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

మీ బ్యాచ్‌ల విషయానికి వస్తే, ప్రతి బ్యాచ్ దగ్గరా ఆగాల్సిన పని ఉండకపోవచ్చు. మొదటి బ్యాచ్‌కి ముందు ఆగి అక్కడ అందరు కస్టమర్లనీ, ఖాతాలనీ, అడ్రసులనీ తీసేసుకోండి. అది మీ ప్రధాన కాపీ. తర్వాత వాల్‌డంప్‌లో మొదటి బ్యాచ్ కమిట్ నుంచి చివరి బ్యాచ్ కమిట్ దాకా, ఈ మూడు టేబుళ్ల ఫైలు నంబర్ల మీద స్క్రిప్ట్‌వి కాని ట్రాన్సాక్షన్‌లు ఏమేం ఇన్సర్ట్, అప్‌డేట్ చేశాయో చూడండి. హాట్ అప్‌డేట్ అని వేరుగా కనపడేవి కూడా అప్‌డేట్లే, వదిలేయకండి. ఇరవై నాలుగు నిమిషాల్లో అలాంటివి మరీ ఎక్కువ ఉండవు. అవి ఏ బ్యాచ్‌ల మధ్య పడ్డాయో చూసి, ఆ తర్వాతి బ్యాచ్ కమిట్‌కి ముందు మాత్రం ఆగి, మారిన ఎంట్రీలు తీసుకుని ప్రధాన కాపీ మీద వేయండి. మీరు చెప్పిన 11:20 చెల్లింపు, ఆ కస్టమర్ ఉన్న బ్యాచ్ కమిట్‌కి ముందు ఆగినప్పుడు దొరుకుతుంది.

ఎక్స్‌ఐడీలు వరసగా ఉంటాయి కదా అని పెద్ద నంబర్ అంటే తర్వాత కమిట్ అయింది అనుకోవద్దు. నంబర్ ఇచ్చేది ట్రాన్సాక్షన్ మొదట రాసినప్పుడు, కమిట్ ఎవరిది ముందు పడుతుందో వాళ్లది. వాల్‌డంప్‌లో కమిట్ లైన్లు ఏ వరసలో కనపడుతున్నాయో అదే అసలు వరస.

—

బీటీఎం_సెకండ్_స్టేజ్:

మైఎస్‌క్యూఎల్ (ఇంకో డేటాబేస్) వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. మన దగ్గర మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్‌కి (బిన్‌లాగ్ అనే మార్పుల లాగ్‌ని చదివే టూల్) స్టాప్-డేట్‌టైమ్ ఇవ్వొచ్చు, కానీ అది టైమ్‌ని సెకన్లలోనే పోలుస్తుంది, ఒకే సెకనులో మంచి ట్రాన్సాక్షన్‌లూ చెడ్డదీ కలిసి ఉంటే టైమ్‌తో విడదీయలేం. టైమ్ ఉజ్జాయింపుగా ఇచ్చి ఆ ముక్కని టెక్స్ట్‌గా తీసి, డ్రాప్ గానీ డిలీట్ గానీ మొదలైన చోట ఉన్న పొజిషన్ నంబర్ చూసుకుని స్టాప్-పొజిషన్ ఇవ్వండి. డేట్‌టైమ్ ఇచ్చినప్పుడు అది ఆ టూల్ నడుపుతున్న మెషీన్ లోకల్ టైమ్‌గా లెక్క, డేటాబేస్ సర్వర్‌ది కాదు. ఇక్కడ కూడా యూటీసీ గొడవ ఉంటుంది.

—

రాయచోటి_రూట్:

పై ఇద్దరూ చెప్పింది చాలు, నేను పక్క మెషీన్ గురించి మాత్రం చెప్తా, అందరూ టార్గెట్ మీదే దృష్టి పెట్టి దీన్ని వదిలేస్తారు.

ఆ మెషీన్ కాన్ఫిగ్‌లో ఆర్కైవ్_మోడ్ ఆఫ్ చేయండి. ప్రొడక్షన్ కాన్ఫిగ్ కాపీ చేసి పెడితే, పొరపాటున ప్రమోట్ అయిన రోజు అది కూడా మీ అసలు ఎస్3 ఆర్కైవ్‌లోకి వాల్ పంపడం మొదలుపెడుతుంది. రికవరీ చేసేటప్పుడు ఆర్కైవ్ నుంచి చదవాలి గానీ రాయకూడదు. ఎస్3 కీ కూడా చదవడానికి మాత్రమే అనుమతి ఉన్నది ఇవ్వండి.

చిన్న మెషీన్ కదా అని మ్యాక్స్_కనెక్షన్స్ తగ్గించకండి. పాజ్‌లో ఆగి చదవాలంటే అది ప్రొడక్షన్‌లో ఉన్నదానికన్నా తక్కువ ఉండకూడదు, లేదంటే రికవరీ ముందుకి పోదు. షేర్డ్_బఫర్స్ తగ్గించుకోవచ్చు.

12వ వెర్షన్ నుంచి రికవరీ.కాన్ఫ్ లేదు, సెట్టింగ్‌లు మామూలు కాన్ఫిగ్‌లోనే, డేటా డైరెక్టరీలో రికవరీ.సిగ్నల్ అనే ఖాళీ ఫైలు ఉండాలి. పాత బ్లాగులు చూసి చేస్తే ఇక్కడ ఇరుక్కుంటారు. 13 నుంచి ఇంకో మంచి మార్పు వచ్చింది, ఇచ్చిన టార్గెట్ దొరక్కుండానే వాల్ అయిపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అంతకుముందు చివరిదాకా రీప్లే చేసేసి ఏమీ ఎరగనట్టు తెరుచుకునేది. మీది 14 కాబట్టి నంబర్ తప్పు రాసినా మీకు తెలుస్తుంది.

ఆ మెషీన్‌కి మీ యాప్ గానీ ఎస్ఎంఎస్ పంపే జాబ్‌లు గానీ కనెక్ట్ కాకుండా నెట్‌వర్క్‌లోనే ఆపేయండి. పాత బాకీల రిమైండర్లు ఓనర్లందరికీ వెళ్తే ఫోన్లు ఎత్తలేరు.

—

మారతహళ్లి_బ్యాకెండ్:

అందరికీ అప్‌డేట్. ఖాతాలన్నీ వెనక్కి వచ్చాయి. ఎవరికైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

మొదటి బ్యాచ్ ఎక్స్‌ఐడీ టార్గెట్‌గా, ఇన్‌క్లూజివ్ ఆఫ్ పెట్టి స్టార్ట్ చేశాం. లాగ్‌లో ముందు కన్సిస్టెంట్ రికవరీ స్టేట్ వచ్చిందని, తర్వాత ఫలానా ట్రాన్సాక్షన్ కమిట్‌కి ముందు ఆగుతున్నానని నంబర్, టైమ్‌తో సహా రాసింది. ఆ టైమ్ మన వాల్‌డంప్‌లో చూసిన దానితో సరిపోయింది. ఇక్కడ ఆగి మేము చూసినవి ఇవీ: కస్టమర్ టేబుల్ మొత్తం సంఖ్య, ముందు రోజు రాత్రి రిపోర్ట్‌లో ఉన్న సంఖ్యకి దగ్గరగా ఉందా, ఫోన్ చేసిన ఓనరు ఖాతా బాకీ ఆయన చెప్పిన దానితో కలుస్తోందా, ఖాతా టేబుల్‌లో చివరి ఎంట్రీ టైమ్ ఎంత. మూడూ సరిగ్గా ఉన్నాక కాపీ తీశాం, సర్వర్ ఆపి డిస్క్ స్నాప్‌షాట్ తీశాం.

వాల్‌డంప్‌లో చూస్తే ఆ ఇరవై నాలుగు నిమిషాల్లో ఖాతాల మీద యాప్ నుంచి పడ్డ రాతలు కొన్నే ఉన్నాయి, అవి కూడా రెండు చోట్ల గుంపుగా ఉన్నాయి. కాబట్టి ఇంకో రెండు చోట్ల మాత్రం ఆగి ఆ ఎంట్రీలు తీసుకున్నాం. ఓఎంఆర్ గారూ, మీరు చెప్పకపోతే ఆ చెల్లింపులు కచ్చితంగా పోయేవి, ప్రొడక్షన్‌లోనూ లేవు, మొదటి కాపీలోనూ లేవు.

వెనక్కి ఎక్కించడం అనుకున్నదానికన్నా నిదానంగా చేశాం. నేరుగా అసలు టేబుళ్లలోకి కాకుండా ప్రొడక్షన్‌లో పక్కన వేరే స్కీమాలోకి ఎక్కించి, నిజంగా మూతపడిన హాస్టళ్లని తీసేసి, మిగతావాళ్లని ముందు కస్టమర్, తర్వాత అడ్రసులు, తర్వాత ఖాతాలు అనే వరసలో వేశాం, లేకపోతే ఫారిన్ కీ (కస్టమర్ లేకుండా వాళ్ల ఎంట్రీలు ఉండకూడదన్న నియమం) ఒప్పుకోదు. పాత ఐడీలే ఉంచాం. ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ (ఢీకొన్న ఎంట్రీని ఎర్రర్ లేకుండా వదిలేయడం) పెడదామని ఒకరన్నారు గానీ వద్దన్నాను. ఢీకొన్నది ఏదైనా ఉంటే అది మనం కళ్లతో చూడాలి. నిజంగానే ఇద్దరు ఓనర్లు తమ పేరు కనపడట్లేదని మధ్యాహ్నం అదే ఫోన్ నంబర్‌తో కొత్త అకౌంట్ తెరిచి ఆర్డర్ పెట్టారు, ఫోన్ నంబర్ యునీక్ కాబట్టి అక్కడ ఎర్రర్ వచ్చింది. డూ నథింగ్ పెట్టి ఉంటే వాళ్ల పాత కస్టమర్ రికార్డులు చప్పుడు లేకుండా బయటే ఉండిపోయేవి. వాళ్ల కొత్త ఆర్డర్లని పాత ఖాతాకి మార్చి, కొత్త అకౌంట్ తీసేశాం. ఖాతా టేబుల్ మీద ఎంట్రీ పడగానే ఓనరుకి మెసేజ్ పంపే ట్రిగ్గర్ ఉంది, ఎక్కించేముందు ఆ ఒక్కదాన్ని ఆపాం.

ఒక డౌట్ మిగిలింది. ఇలాంటి స్క్రిప్ట్‌లు ఇకముందు కూడా నడపాల్సి వస్తుంది. ప్రతిసారీ వాల్‌లో ఇలా వెతకకుండా ముందే గుర్తు పెట్టుకోవచ్చా? మొదట్లో ఎవరో రీస్టోర్ పాయింట్ అన్నారు.

—

నెల్లూరు_డీబీఏ:

చాలా సంతోషం తమ్ముడూ. ఫోన్ నంబర్ ఢీకొన్న సంగతి బాగా పట్టుకున్నారు.

అవును, స్క్రిప్ట్ నడిపేముందు పీజీ_క్రియేట్_రీస్టోర్_పాయింట్ ఫంక్షన్‌కి ఒక పేరు ఇచ్చి పిలిస్తే వాల్‌లో అక్కడ గుర్తు పడుతుంది, ఖర్చేమీ ఉండదు. రీస్టోర్ అప్పుడు రికవరీ_టార్గెట్_నేమ్‌కి ఆ పేరిస్తే సరిగ్గా అక్కడ ఆగుతుంది. పేరు 64 బైట్ల లోపు ఉండాలి. ప్రతిసారీ క్లీనప్ అని ఒకటే పేరు పెట్టొద్దు, తేదీ, టైమ్ కలిపి పెట్టు, ఎందుకంటే ఒకే పేరు రెండుసార్లు ఉంటే రీప్లేలో ముందు కనపడ్డ దాని దగ్గరే ఆగిపోతుంది. డిఫాల్ట్‌గా సూపర్‌యూజర్ మాత్రమే పిలవగలడు, కావాలంటే స్క్రిప్ట్ నడిపే యూజర్‌కి ఆ ఫంక్షన్ మీద ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వొచ్చు. గుర్తు పెట్టేది ప్రైమరీ (అసలు సర్వర్) మీద, రెప్లికా (దాని కాపీ సర్వర్) మీద కుదరదు.

బ్యాచ్‌ల స్క్రిప్ట్ అయితే ప్రతి బ్యాచ్‌లో ఎవరిని తీసేస్తోందో ఆ ఐడీలని, ట్రాన్సాక్షన్ నంబర్‌ని ఒక లాగ్ టేబుల్‌లో అదే ట్రాన్సాక్షన్‌లో రాయమను. పీజీ_కరెంట్_ఎక్స్‌యాక్ట్_ఐడీ అని 13 నుంచి ఫంక్షన్ ఉంది, నంబర్ అది ఇస్తుంది. అది ఇచ్చేది 64 బిట్ల నంబర్, వాల్‌డంప్‌లో కనపడేది 32 బిట్లదే, కాబట్టి డేటాబేస్ బాగా పాతబడి నంబర్లు ఒకసారి చుట్టు తిరిగి ఉంటే రెండూ ఒకేలా ఉండవు, టైప్‌ని ఎక్స్‌ఐడీకి మార్చి రాసుకో.

ఇక ఆపిన రిటెన్షన్ జాబ్‌ని వెంటనే ఆన్ చేయకు. ఒక నెల బిల్లింగ్ పూర్తయ్యి ఓనర్లందరి బాకీలు కలిసేదాకా ఆ రాత్రి బేస్ బ్యాకప్, ఆ రోజు వాల్ విడిగా ఇంకో బకెట్‌లోకి కాపీ చేసి ఉంచు. ఎవరి ఖాతాలోనైనా ఇంకా తేడా బయటపడితే మళ్లీ ఆ రోజుకి వెళ్లి చూడాల్సి వస్తుంది.